రైలు అలారం గొలుసు

అలారం గొలుసు ప్రయాణికుల రైలు బోగీల్లో ఉండే యాంత్రిక భద్రతా పరికరం. వాడుకలో అందరూ చైను అంటారు. ఆపద వచ్చినప్పుడు ప్రయాణికుడు దీన్ని లాగితే బ్రేకు పైపులోని గాలి కొంత బయటికి పోతుంది. అప్పుడు బ్రేకులు పట్టడం మొదలవుతుంది, ఇంజిన్‌లోని లోకో పైలట్‌కు సంగతి తెలుస్తుంది. గొలుసు లాగితే రైలు ఆగుతుందని పలక మీద రాసి ఉంటుంది గాని, పాత తరహా బోగీల్లో అది పూర్తి నిజం కాదు. గొలుసు బండిని ఆపడానికి పూనుకుంటుంది, ఆపే పని ముగించేది లోకో పైలట్. ఈ తేడా తెలిస్తే పరికరం ఎందుకిలా తయారైందో అర్థమవుతుంది.

గాలి బ్రేకు

ఇంజిన్‌లోని కంప్రెసర్ గాలిని నొక్కిపెట్టి పైపుల ద్వారా చివరి బోగీ దాకా పంపుతుంది. భారతీయ రైల్వే ప్రయాణికుల బండ్లలో ఇలాంటి పైపులు రెండు. బ్రేకు పైపులో పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు, ఫీడు పైపులో 6 కిలోలు. బోగీకీ బోగీకీ మధ్య వీటిని రబ్బరు హోస్ పైపులు కలుపుతాయి. ప్రతి బోగీ కింద ఒక గాలి తొట్టి, ఒక డిస్ట్రిబ్యూటర్ వాల్వు, బ్రేకు సిలిండర్లు ఉంటాయి.

బ్రేకు పైపులో గాలి నిండుగా ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి. పీడనం తగ్గితే డిస్ట్రిబ్యూటర్ వాల్వు ఆ తగ్గుదలను పసిగట్టి, తొట్టిలోని గాలిని సిలిండర్లలోకి వదులుతుంది. సిలిండరులో పీడనం 3.8 కిలోలకు చేరితే బ్రేకు పూర్తిగా పట్టినట్టు. అంటే గాలి పంపితే బ్రేకు పడదు, గాలి తీసేస్తే పడుతుంది. కప్లింగ్ తెగి బండి రెండు ముక్కలైనా, హోస్ పైపు చీలినా, బండి దానంతటదే ఆగుతుంది. అమెరికాకు చెందిన జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో తెచ్చిన మొదటి గాలి బ్రేకుకు ఈ గుణం లేదు. పైపు తెగితే బ్రేకే ఉండేది కాదు. 1872 నాటికి ఆయన పద్ధతిని తలకిందులు చేసి ఆ లోపం సరిదిద్దాడు. ప్రయాణికుడి చేతికి ఒక గొలుసు ఇవ్వడం సాధ్యమైంది ఈ తలకిందుల ఆలోచన వల్లే. పైపుకు ఎక్కడ చిన్న బెజ్జం పెట్టినా బ్రేకు పడుతుంది కదా.

గొలుసు వెనక ఏముంది

పెరంబూరు ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) నమూనా బోగీల్లో కిటికీల పైన ఒక సన్నని గొట్టం బోగీ పొడవునా సాగుతుంది. గొలుసు అందులోనే ఉంటుంది. అక్కడక్కడా ఎర్రరంగు పిడులు బయటికి వేలాడుతుంటాయి. ఏ పిడి లాగినా కదిలేది ఒకే గొలుసు. దాని కొస బోగీ చివరి గోడకు బిగించిన సిగ్నల్ పరికరానికి తగిలి, అక్కడి ఇరుసును తిప్పుతుంది. ఆ తిప్పుతో ఒక చిన్న గదిలోని గాలి బయటికి పోతుంది. దాంతో దానికి జతగా ఉన్న ఎమర్జెన్సీ అలారం వాల్వు తెరుచుకుని బ్రేకు పైపు గాలిని వదులుతుంది. సుయ్యిమని గాలి పోయే చప్పుడు వినిపిస్తుంది. గొలుసు ఏ బోగీలో లాగారో సిబ్బందికి ముందుగా పట్టిచ్చేది ఆ చప్పుడే.

వాల్వులో గాలి పోయే రంధ్రం వ్యాసం 4 మిల్లీమీటర్లు మాత్రమే. కావాలనే అంత చిన్నది పెట్టారు. దాని వల్ల పీడనం ఒక్కసారిగా కూలిపోదు, తగ్గుతూ వస్తుంది. లోకో పైలట్ ముందున్న గాలి ప్రవాహ సూచిక ముల్లు పైకి లేస్తుంది, పీడనం ముల్లు కిందికి జారుతుంది. అది గొలుసా, హోస్ పైపు ఊడిందా, గార్డు తన వాల్వు తెరిచాడా అన్నది ఇంజిన్ నుంచి తెలియదు. ఏదైనా ఆగాల్సిందే. అయితే ఎక్కడ ఆగాలో ఎంచుకునేందుకు ఆయనకు కొన్ని క్షణాలు దొరుకుతాయి. మండుతున్న బోగీని వంతెన నడిమధ్యలో నిలబెట్టడం కన్నా వంతెన దాటించి నిలపడం మేలు. నిమిషానికో కాలువ, మైలుకో మురుగు డ్రెయిన్ అడ్డొచ్చే కృష్ణా డెల్టాలో ఈ వెసులుబాటు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

బండి ఆగే వేళ లోకో పైలట్ రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వేస్తాడు. గొలుసు లాగారని గార్డుకు అదే సంకేతం. (గార్డు హోదాను 2022 జనవరిలో ట్రైన్ మేనేజరుగా మార్చారు, ప్లాట్‌ఫారం మీద మాత్రం ఇంకా గార్డుగారే.) సిబ్బంది దిగి, గాలి చప్పుడును బట్టి బోగీని కనిపెట్టి, చివరి గోడ దగ్గరి పరికరాన్ని తాళంతో యథాస్థానానికి తిప్పుతారు. గొలుసును లోపలి నుంచి వెనక్కి తోసినంత మాత్రాన ఏమీ కాదు. లాగినవాడు దాన్ని సరిచేసి ఏమీ ఎరగనట్టు కూర్చోవడానికి వీల్లేకుండా ఆ ఏర్పాటు. పరికరం తిరిగి మూసుకున్నాక పైపు మొత్తం మళ్లీ 5 కిలోలకు నిండాలి. బండి పొడవును బట్టి నిమిషాలు పడుతుంది. ఒక చేతి లాగుడు వెనక వచ్చే బండ్లన్నిటినీ ఆలస్యం చేసేది ఇందుకే.

జర్మనీ నమూనాతో వచ్చిన ఎల్‌హెచ్‌బీ బోగీల్లో పొడవాటి గొలుసు లేదు. గోడకు బిగించిన పెట్టెల్లో ఎర్ర పిడి, దాని నుంచి వాల్వుకు ఉక్కు తీగ ఉంటాయి. పని ఒకటే, దారి వేరు. ఐసీఎఫ్ తన పాత నమూనా తయారీని 2018లో ఆపేసింది కాబట్టి, కొన్నేళ్లకు గొలుసు మాటలో మిగులుతుందేమో గాని బోగీలో మిగలదు.

ఎక్కడి నుంచి వచ్చింది

1864లో లండన్‌లో థామస్ బ్రిగ్స్ అనే బ్యాంకు ఉద్యోగిని రైలు పెట్టెలో కొట్టి చంపారు. అప్పటి పెట్టెలకు ఒకదాని నుంచి మరొకదానికి దారి లేదు, కేక వేసినా వినేవాడు లేడు. ఆ కలకలం తర్వాత 1868లో బ్రిటన్ పార్లమెంటు, 20 మైళ్లకు మించి ఆగకుండా పోయే బండ్లలో ప్రయాణికుడు సిబ్బందికి కబురు చేసే సాధనం ఉండాలని చట్టం చేసింది. తొలి సాధనం బండి వెలుపల కట్టిన తాడు. అది సరిగ్గా పనిచేసేది కాదు. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర విహారయాత్ర బండి నుంచి విడదీసిన పెట్టెలు వాలులో వెనక్కి దొర్లి 80 మంది చనిపోయారు. ఆ ఏడాదే ప్రయాణికుల బండ్లన్నిటికీ స్వయంచాలక బ్రేకు తప్పనిసరి అయింది. తాడును బ్రేకుతో జత చేసే మార్గం అప్పుడు తెరుచుకుంది.

భారతదేశంలో 1890 రైల్వే చట్టంలోనే ఈ సాధనం ప్రస్తావన ఉంది. అకారణంగా వాడితే 108వ సెక్షన్ కింద 50 రూపాయల దాకా జరిమానా. మన రైళ్లలో చాలా కాలం నడిచింది వాక్యూమ్ బ్రేకు. అందులో పైపులోంచి గాలి తోడేస్తారు, గొలుసు లాగితే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. గాలి దిశ మారినా తర్కం మారలేదు.

మచిలీపట్నం దారిలో

బ్రేకు పైపు చివరి దాకా తెరిచి ఉంటేనే గొలుసు పనిచేస్తుంది. దాన్ని పరీక్షించేది ఎలాగో కృష్ణా డెల్టాలోని ఒక లైనులో చూద్దాం. బెజవాడ–మచిలీపట్నం లైను 1908లో మీటర్ గేజిగా మొదలైంది, తర్వాత బ్రాడ్ గేజి అయింది. గుడివాడ జంక్షన్‌లో దారి చీలుతుంది. ఒకటి భీమవరం వైపు పోతుంది. మరొకటి గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి మీదుగా మచిలీపట్నం చేరి అక్కడితో ఆగిపోతుంది.

లైను కొస స్టేషన్‌లో గాలి బ్రేకుకు ఒక ప్రత్యేకమైన పని పడుతుంది. బండిని తెచ్చిన ఇంజిన్‌ను విప్పి, పక్క లైను మీదుగా తిప్పి, రెండో కొసకు తగిలించాలి. విప్పే ముందు రెండు వైపులా యాంగిల్ కాకులు (పైపు కొసన గాలిని ఆపే కుళాయిలు) మూసి, హోస్ పైపులు విడదీయాలి. తగిలించాక పైపులు కలిపి కాకులు తెరవాలి. అప్పుడు బండి చివర గార్డు తన వాల్వుతో గాలి వదిలితే ఆ తగ్గుదల ఇంజిన్‌లో కనబడాలి. పైపు మొదటి నుంచి చివరి దాకా తెరిచి ఉందనడానికి అదే రుజువు. రెండు చివరలా డ్రైవర్ గది ఉండే మెము బండ్లకు ఇంజిన్ మార్చే తతంగం లేదు.

గొలుసుకు దీనితో ఏం సంబంధం అంటే, మొత్తం సంబంధం ఇక్కడే ఉంది. మధ్యలో ఒక్క యాంగిల్ కాక్ మూసుకుపోయి ఉంటే, ఆ వెనక బోగీల్లో గొలుసు లాగినా ఇంజిన్‌లోని ముల్లు కదలదు. అంతకన్నా ఘోరం, లోకో పైలట్ వేసే బ్రేకు ఆ వెనక బోగీలకు చేరదు. 1988 జూన్ 27న పారిస్‌లో జరిగింది ఇలాంటిదే. మెలన్ నుంచి వస్తున్న లోకల్ రైలులో ఒక ప్రయాణికురాలు తను దిగాల్సిన చోట బండి ఆగదని తెలిసి అలారం పిడి లాగి దిగిపోయింది. పరికరాన్ని సరిచేసే తొందరలో డ్రైవరు పొరపాటున బ్రేకు పైపు కాక్ మూశాడు. బ్రేకులు వదలకపోయేసరికి గాలి ఎక్కడో ఇరుక్కుందనుకుని సిలిండర్లు ఖాళీ చేయించాడు. దాదాపు బ్రేకులే లేని ఆ బండి గార్ ద లియోన్ స్టేషన్‌లో నిలిచి ఉన్న రైలును గుద్దింది. 56 మంది పోయారు. పిడి లాగడం తప్పు కావచ్చు. ప్రాణాలు తీసింది మాత్రం దాన్ని సరిచేసిన పద్ధతి. గొలుసు గురించి మన దగ్గర నడిచే చర్చంతా లాగినవాడి చుట్టూనే తిరుగుతుంది, సరిచేసేవాడి శిక్షణ గురించి మాట్లాడేవారు తక్కువ.

శిక్ష

1989 రైల్వే చట్టం 141వ సెక్షన్ ప్రకారం తగిన కారణం లేకుండా గొలుసు లాగితే ఏడాది దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రత్యేక కారణాలుంటే తప్ప మొదటి నేరానికి కనీసం 500 రూపాయల జరిమానా, రెండోసారి నుంచి 3 నెలల జైలు. మంటలు, ప్రాణం మీదికి వచ్చిన జబ్బు, దోపిడీ, బండి నుంచి ఎవరైనా పడిపోవడం, తోడున్న పసివాళ్లో వృద్ధులో ప్లాట్‌ఫారం మీద మిగిలిపోవడం వంటివి తగిన కారణాలు. ఊరి దగ్గర దిగాలనే కోరిక, కాఫీకి దిగిన స్నేహితుడు ఇంకా రాలేదనే బెంగ కారణాలు కావు.

ఆగిన తర్వాత

గొలుసు పక్కన పలక మీద శిక్ష రాసి ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, బండి ఆగాక ఏం చేయాలన్నది, ఆ పలకలో చోటు దక్కించుకోలేదు. 2013 నవంబరు 2న విజయనగరం జిల్లా గొట్లాం దగ్గర ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్‌లో మంటలని వదంతి పుట్టింది. గొలుసు లాగారు, బండి ఆగింది. భయంతో దిగినవాళ్లు పక్క పట్టాల మీదికి వెళ్లారు. ఎదురుగా వచ్చిన విజయవాడ–రాయగడ పాసింజరు కింద కనీసం 8 మంది నలిగిపోయారు. 2025 జనవరి 22న మహారాష్ట్ర జల్‌గావ్ జిల్లాలో పుష్పక్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణికులకు అచ్చం అలాగే అయింది. మంటల వదంతి, గొలుసు, పక్క పట్టాలు, ఈసారి కర్ణాటక ఎక్స్‌ప్రెస్. కనీసం 12 మంది చనిపోయారు. రెండు చోట్లా గొలుసు తన పని సక్రమంగానే చేసింది.

గుడివాడ–మచిలీపట్నం మధ్య ఒంటి లైను ఉన్నన్నాళ్లూ ఈ ప్రమాదానికి తావు తక్కువ. బండి దిగితే పక్కన కంప, చేను, కాలువ గట్టు. విజయవాడ–గుడివాడ–భీమవరం–నరసాపురం, గుడివాడ–మచిలీపట్నం, భీమవరం–నిడదవోలు మార్గాలు కలిపి 221 కిలోమీటర్ల మేర రెండో లైను, విద్యుదీకరణ పూర్తయ్యాక ఆ పాత ధీమా చెల్లదు. ఇప్పుడు పక్కనే ఇంకో జత పట్టాలున్నాయి, వాటి మీద వచ్చే కరెంటు ఇంజిన్‌కు పాత డీజిలు ఇంజిన్ అంత చప్పుడుండదు. ఈ దారిలో ప్రయాణించేవారు తప్పనిసరై గొలుసు లాగితే, సిబ్బంది వచ్చేదాకా బోగీలోనే ఉండండి. మంటల వల్ల దిగక తప్పకపోతే రెండో లైను లేని వైపు తలుపు నుంచే దిగి, పట్టాలకు దూరంగా జరగండి.