విన్నిపెగ్ పునాదులు: పగులు గోడలో, కారణం నేలలో

కెనడాలోని విన్నిపెగ్ నగరంలో పునాదుల చరిత్ర ఎవరు చెప్పినా 1913 అక్టోబరు 18 దగ్గర మొదలుపెడతారు. ఆ రోజు నగర శివారులోని ఉత్తర ట్రాన్స్‌కోనాలో కెనడియన్ పసిఫిక్ రైల్వే కొత్తగా కట్టిన ధాన్యపు గాదె ఒరిగింది. పది లక్షల బుషెళ్లు పట్టే కాంక్రీటు కట్టడం అది. అప్పటికి 8,75,000 బుషెళ్లు నింపారు. తొలి గంటలోనే అడుగు లోతు దిగబడింది. ఆ తర్వాత పడమటికి వాలడం మొదలై, మర్నాటికి దాదాపు 27 డిగ్రీలు ఒరిగి ఆగింది. ఒక అంచు నేలలో కూరుకుపోతే ఎదుటి అంచు పైకి లేచింది. అంత ఒరిగినా గింజలున్న అరలు మాత్రం చెక్కు చెదరలేదు. గింజలు తోడేసి, కింద తవ్వి, రాతిపొర దాకా కాంక్రీటు స్తంభాలు దింపి, జాకీలతో కట్టడాన్ని మళ్లీ నిటారుగా నిలబెట్టారు. దశాబ్దాల తరబడి అది పనిచేసింది. ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకాల్లో ఈ మరమ్మతుకు స్థిరమైన చోటు దొరికింది. దొరకవలసిందే. అయితే బంకమన్ను మీద, గడ్డకట్టే చలిలో ఇల్లు కట్టుకున్న సామాన్యుడు ఈ కథ నుంచి తీసుకునే పాఠం చాలావరకు తప్పు పాఠం. పునాదిని లోతుకు దింపితే, గట్టిపరిస్తే బాధ తీరుతుందన్నది గాదెకు నిజం. ఇంటికి అసలు బాధ నీటితో, చలితో వస్తుంది. ఆ నగరంలో నూరేళ్ల ఇంటి మరమ్మతుల్లో దొర్లిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ తేడా గుర్తించకపోవడం వల్లనే పుట్టాయని నా అభిప్రాయం.

ముందు నేల సంగతి. హిమయుగం చివర కరిగిన మంచుతో ఏర్పడిన అగాసిజ్ అనే మహా సరస్సు ఒకప్పుడు ఈ ప్రాంతాన్నంతా ముంచింది. దాని అడుగున వేల ఏళ్లు పేరుకున్న సన్నటి ఒండ్రే ఈనాటి రెడ్ నదీ లోయలోని బంకమన్ను. స్థానికులు దాన్ని గంబో అంటారు. అందులో మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం దండిగా ఉంటుంది. తడిస్తే పొరల మధ్యకు నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. మన నల్లరేగడికీ ఆ గుణం ఇచ్చేది ఇదే ఖనిజం కాబట్టి తెలుగు రైతుకు దీన్ని వేరే పరిచయం చెయ్యక్కర్లేదు. విన్నిపెగ్‌లో అదనంగా ఉన్నది చలి. కఠినమైన శీతకాలంలో నేల రెండు మీటర్లు దాటి గడ్డకడుతుంది. అందుకే అక్కడి ఇళ్లకు పునాది అంటే నేల లోపలికి దిగిన ఒక పూర్తి గది, బేస్‌మెంట్. 1901లో సుమారు 42,000 ఉన్న నగర జనాభా 1911 నాటికి 1,36,000కు చేరింది. ఆ పదేళ్ల హడావుడిలో లేచిన ఇళ్లెన్నో ఈ మన్ను మీదే నిలబడ్డాయి.

గాదె ఎందుకు ఒరిగింది? కట్టేముందు నేలను పరీక్షించకపోలేదు. తవ్విన గుంత అడుగున చిన్న పలకలు పెట్టి, బరువు మోపి చూశారు. నేల బాగానే తట్టుకుంది. కానీ చిన్న పలక బరువు పై పొరకే తెలుస్తుంది. సుమారు 23 మీటర్ల వెడల్పు, 59 మీటర్ల పొడవు ఉన్న పునాది పలక బరువు ఎంతో లోతుకు పోతుంది. పైన గట్టి మన్ను, దాని కింద మెత్తటి మన్ను ఉన్న సంగతి ఆ పరీక్షలో తేలలేదు. నేల ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టే సిద్ధాంతాన్ని కార్ల్ టెర్జాఘీ 1943లో పుస్తకరూపంలో ఇచ్చాడు. 1950ల మొదట్లో ఇంజనీర్లు రాల్ఫ్ పెక్, బ్రయంట్ ఆ స్థలంలో మళ్లీ బోర్లు వేసి, మన్ను బలం కొలిచి, ఆ సిద్ధాంతంతో లెక్క కట్టారు. వచ్చిన అంకె గాదె ఒరిగిన నాటి బరువుకు చాలా దగ్గరగా ఉంది. అంటే గాదె బరువెక్కువై ఒరిగింది. ఇంటి పరిస్థితి దీనికి తలకిందులు. రెండంతస్తుల కలప ఇల్లు నేల మీద మోపే బరువు స్వల్పం. తడిసిన బంకమన్ను ఉబ్బేటప్పుడు పైకి తోసే ఒత్తిడి చాలా సందర్భాల్లో దాన్ని మించిపోతుంది. గాదె బరువుకు మునిగితే, ఇల్లు తేలికై పైకి లేస్తుంది. మునిగేదానికి లోతైన ఆధారం మందు. లేచేదానికి, అందులోనూ ఒక మూల లేచి ఒక మూల దిగేదానికి, ఆ మందు ఒక్కటే పనిచెయ్యదు.

లోతుకు దింపడం అన్న మాటకు ఆ కాలంలో ఎంత పలుకుబడి ఉండేదో చెప్పడానికి మరో ఉదంతం ఉంది. మానిటోబా శాసనసభ భవనం పని 1913లో మొదలైంది. తొలుత దానికి పైల్ పునాదులు, అంటే నేలలోకి దింపే సన్నటి స్తంభాలు, అనుకున్నారు. తర్వాత రాతి దాకా దింపే లావుపాటి కాంక్రీటు స్తంభాలకు, అంటే కైసన్లకు, మార్చారు. ఆ మార్పు చాటున గుత్తేదారు థామస్ కెల్లీకి లెక్కకు మించి డబ్బు ముట్టిందన్న ఆరోపణలు లేచాయి. 1915 మేలో మానిటోబా ప్రభుత్వాధినేత (ప్రీమియర్) రాడ్‌మండ్ రాబ్లిన్ రాజీనామా చెయ్యవలసి వచ్చింది. అమెరికాకు పోయిన కెల్లీని పట్టి తెచ్చి శిక్షించారు. ఇక్కడ కైసన్ల ఇంజనీరింగ్‌ను తప్పుపట్టడం లేదు. అంత బరువైన రాతి భవనానికి అవి తగినవే. చెప్పదలచింది పునాది మరమ్మతుకున్న ఒక స్వభావం గురించి. పని పూర్తయ్యాక మన్ను కప్పేస్తుంది. లోపల ఎంత కాంక్రీటు పోశారో, అసలు అవసరమైందే చేశారో లేదో ఇంటివాడికి ఎన్నటికీ కనబడదు. ప్రజాధనమే అలా పోయిన చోట, భయపడిన గృహస్థు ఖరీదైన పరిష్కారమే మంచి పరిష్కారమని నమ్మడంలో వింతేముంది?

ఇళ్లకు అసలు పరీక్ష 1930ల కరువులో వచ్చింది. ఏళ్ల తరబడి వానలు ముఖం చాటేయడంతో బంకమన్ను లోతుకంటా ఎండిపోయింది. గోడలు బీటలు వారి, తలుపులు బిగుసుకుపోయి, నగరంలో పునాదుల గోడు ఎంత పెరిగిందంటే కెనడా ఇంజనీర్ల సంస్థ విన్నిపెగ్ శాఖ దానికోసం ప్రత్యేకంగా కమిటీ వేసి, 1937లో నివేదిక ప్రచురించింది. కరువులో దిగిన మూలను చూసి, ఆ మూలకే కింద తవ్వి కొత్త ఆధారం కట్టడం సహజంగా తోచే పని. చేటు కూడా అక్కడే ఉంది. మళ్లీ వానలు పడితే మిగతా నేలంతా ఉబ్బుతుంది, దానితో మిగతా ఇల్లూ లేస్తుంది. లోతున బిగించిన మూల మాత్రం కదలదు. అంతవరకు ఒక పక్కకు ఉన్న పగులు ఎదురు పక్కకు మారుతుంది. ఎండిన కాలంలో పగులును సిమెంటుతో నింపితే ఇదే జరుగుతుంది. తడికాలంలో అది మూసుకుపోవడానికి చోటుండదు, గోడ ఇంకోచోట విచ్చుకుంటుంది. కదలికను ఏడాది పొడవునా కొలవకుండా చేసే మరమ్మతు ఏదైనా ఒక ఋతువుకు మాత్రమే చేసిన మరమ్మతు. కెనడా జాతీయ పరిశోధనా మండలి 1947లో రాబర్ట్ లెగెట్ నాయకత్వంలో భవన పరిశోధనా విభాగం నెలకొల్పాక ఈ కొలతల పని ఊపందుకుంది. మానిటోబా విశ్వవిద్యాలయపు బారకోస్, మండలికి చెందిన బోజోజుక్ కలిసి కెనడా బంకమన్నుల్లో ఋతువులను బట్టి వచ్చే కదలికల మీద 1957లో పత్రం వెలువరించారు. 1960లో బోజోజుక్, బర్న్ ఆటవాలో ఎల్మ్ చెట్ల దగ్గర నేల ఎలా దిగుతుందో కొలిచి చూపారు. ఎండ ఎంత లోతు నుంచి నీరు లాగుతుందో, చెట్టు వేళ్లు అంతకంటే లోతు నుంచి లాగుతాయి.

ఈ చెట్ల సంగతి విన్నిపెగ్‌కు మరీ ముఖ్యం. వీధుల పొడవునా ఎల్మ్ చెట్లు నాటుకున్న నగరం అది. డచ్ ఎల్మ్ తెగులు 1975లో మానిటోబాలో బయటపడ్డాక చెట్లు కొట్టక తప్పలేదు. ఇంటి పక్కనున్న చెట్టు పునాదిని దింపుతోందని తెలిశాక, దాన్ని కొట్టేస్తే బాధ పోతుందనుకోవడం సబబుగానే కనిపిస్తుంది. కానీ దశాబ్దాలుగా ఎండిపోయిన మన్ను, చెట్టు పోగానే మెల్లగా నీరు పీల్చుకుని ఏళ్ల తరబడి ఉబ్బుతుంది. ఇల్లు చెట్టుకంటే తర్వాత కట్టిందైతే, చెట్టు ఉన్నప్పటికంటే పోయాకే ఎక్కువ దెబ్బ తగలవచ్చు.

చలి విషయంలో అపోహ మరింత లోతైనది. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం పెరుగుతుంది కాబట్టి నేల లేస్తుందని చాలాకాలం అనుకున్నారు. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ 1929, 1930లలో ప్రచురించిన ప్రయోగాలతో ఈ నమ్మకం చెదిరింది. గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోయే బెంజీన్‌తో మన్నును తడిపి గడ్డకట్టించినా నేల పైకి లేచింది! గడ్డకడుతున్న చోటికి కింది నుంచి ద్రవం నిరంతరం పాకి, పొరలు పొరలుగా పేరుకోవడమే కారణమని తేలింది. అంటే చలి ఒక్కటే చాలదు. దానికి నీటి సరఫరా కావాలి. ఇంకో చిక్కుంది. తడి బంకమన్ను పునాది గోడ పక్కకే గడ్డకట్టి అంటుకుపోతుంది. మన్ను లేస్తే గోడను కూడా పట్టి లేపుతుంది. గడ్డకట్టే లోతుకు దిగువన పునాది పాదం వేశాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే లాగేది పాదాన్ని కాదు, గోడ పక్కలను. 1973 చమురు సంక్షోభం తర్వాత బేస్‌మెంట్ గోడలకు లోపలివైపు వేడి నిలిపే పొరలు దట్టంగా వేసుకోవడం పెరిగింది. ఇంధనం ఆదా అయ్యింది. కానీ అంతవరకు గోడ దాటి పోయి బయటి మన్నును కొంత కాపాడిన వేడి ఆగిపోయింది. బయట నీరు నిలవకుండా చెయ్యని ఇంట్లో ఆ ఆదాకు పునాదే ధర చెల్లించవచ్చు.

మన్నులోని లవణాలది మరో కోణం. ప్రెయిరీ బంకమన్నులోని సల్ఫేట్లు మామూలు సిమెంటు కాంక్రీటును తినేస్తాయి. సస్కాచవాన్ విశ్వవిద్యాలయంలో థోర్బెర్గుర్ థోర్వాల్డ్సన్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన వల్ల సల్ఫేట్లను తట్టుకునే సిమెంటు వచ్చింది. కుళ్లిన కాంక్రీటు మీద మళ్లీ మామూలు సిమెంటే పూయడం కారణం తెలియక చేసే మరమ్మతుకు ఇంకో ఉదాహరణ.

ఈ నేలతో కలిసి బతకడం నేర్చిన వస్తువు ఒకటి ఆ ఊరి బేస్‌మెంట్లలో కనబడుతుంది. ఇంటి నడిమి దూలాన్ని మోసే ఉక్కు గొట్టపు స్తంభం అది. పైకొసన లావుపాటి మర ఉంటుంది. అక్కడివాళ్లు టెలిపోస్ట్ అంటారు. నేల లేస్తే మర దించి, దిగితే ఎక్కించి, దూలాన్ని సమంగా ఉంచుతారు. చాలా కొద్దికొద్దిగా తిప్పాలి. ఏళ్లుగా వంగిన ఇంటిని ఒక్కరోజులో సరిచెయ్యబోతే పైన గోడల పూత పగులుతుంది. కదలికను ఆపాలని చూడకుండా దాన్ని లెక్కలోకి తీసుకున్న పనిముట్టు ఇది. ఆ నగరపు నిజమైన పునాది విజ్ఞానం గాదె కింది స్తంభాల్లో కంటే ఈ మరలోనే ఎక్కువ ఉందంటాను.

దీనికి గట్టి ఆక్షేపణలే ఉన్నాయి. మొదటిది: లోతైన పైల్స్ మీద కట్టిన ఇళ్లు నిలుస్తున్నాయి కదా? నిజమే. కానీ అవి మొదటి నుంచీ అలా కట్టినవి. ఇల్లంతా పైల్స్ మీదే ఉంటుంది, దూలాల కింద మన్ను ఉబ్బడానికి ఖాళీ వదులుతారు. మరమ్మతులో ఒక పక్కకు మాత్రమే పైల్స్ వేసి, ఖాళీ వదలకపోతే ఆ ఫలితం రాదు. గోడ నిజంగా లోపలికి వంగితే, పాదం కుంగిపోతే లోతైన ఆధారం కావలసిందే. కానీ అది నీటి పని చక్కబెట్టాక చెయ్యవలసింది. రెండోది: గట్టర్లు, నేలవాలు, మురుగుగొట్టాలు అంటూ చిన్న పనులు చెప్పి పెద్ద ప్రమాదాన్ని తేలిక చేస్తున్నారన్న విమర్శ. కానీ ఇంటి చుట్టూ గుంత తవ్వి, ఆ మన్నే తిరిగి నింపితే కొన్నేళ్లలో అది కుంగి, వాలు ఇంటివైపే తిరుగుతుంది. చూరు నుంచి పడ్డ ప్రతి చుక్కా గోడ పక్కకే చేరుతుంది. వేసవిలో ఉబ్బించేదీ, శీతకాలంలో గడ్డకట్టించేదీ ఆ నీరే. చవకైన పని కదా అని కారణం చిన్నదనుకోకూడదు. మూడోది: తాతలు కట్టిన ఇళ్లు ఏ శాస్త్రం లేకుండానే నూరేళ్లు నిలిచాయన్నది. నిలిచినవే మనకు కనబడతాయి. పైగా వాటి మెత్తటి సున్నపు గచ్చు, కలప చట్రం కొంత కదలికను ఓర్చుకున్నాయి, పొయ్యి వేడి గోడ దాటి మన్నుకు అందింది. ఆ పరిస్థితులను మార్చి ఫలితం మాత్రం అలాగే ఉండాలంటే కుదరదు.

మన దేశంలోనూ రేగడి మీద ఇదే ప్రశ్నకు జవాబు వెతికారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ, అడుగున ఉబ్బెత్తుగా విస్తరించే అండర్‌రీమ్డ్ పైల్స్‌ను వృద్ధిచేసింది. తేమ మారని లోతులో పట్టు చిక్కించుకోవడమే వాటి కిటుకు. బొంబాయి ఐఐటీ ఆచార్యుడు ఆర్.కె. కట్టి, ఉబ్బని బంకమన్ను పొరను రేగడిపై పరిచి ఉబ్బును అదుపు చేసే పద్ధతి చూపాడు. రెండూ కొత్త కట్టడాలకు చక్కటి మార్గాలు. రెండూ మొదలయ్యేది తేమ ఎక్కడ, ఎంత లోతున మారుతుందన్న ప్రశ్నతోనే.

కాబట్టి రేగడి మీద ఇల్లున్నవారికైనా, చలిదేశంలో బంకమన్ను మీద ఇల్లు కొనుక్కున్న తెలుగువారికైనా చెప్పవలసింది ఒకటే. పగులు కనబడగానే గుత్తేదారును పిలవకండి. దాని రెండు కొసల దగ్గర తేదీ రాసి, వెడల్పు కొలిచి, ఒక ఏడాది గమనించండి. గోడ లోపలికి వంగుతుంటే మాత్రం ఆగకుండా ఇంజనీరుకు చూపండి. మిగతా సందర్భాల్లో ముందుగా చూరు నీటిని గోడకు దూరంగా మళ్లించండి, నేలవాలు బయటికి తిప్పండి, చెట్టు కొట్టేముందు సలహా అడగండి. మరమ్మతు అమ్మని ఇంజనీరు చేత కారణం రాయించుకున్నాకే గుత్తేదారు కాగితం మీద సంతకం పెట్టండి.