వాషింగ్టను నగరమున జాతిభేదము - గృహవసతి

నగరములలో ఇండ్ల వెలలు పెరుగుట సహజపరిణామమని పలువురు తలంతురు. వాషింగ్టను చరిత్రను పరిశీలించినచో ఈ యభిప్రాయము నిలువదు.

అచట నల్లజాతీయులకు ఇండ్లమ్మరాదను నిబంధనలు విక్రయపత్రములలోనే వ్రాయబడెడివి. 1948లో, హర్డు వ్యాజ్యమున, వానిని న్యాయస్థానములు అమలుపరుపరాదని సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. అయినను 1934లో ఏర్పడిన ప్రభుత్వ గృహఋణ సంస్థ నల్లజాతీయుల పేటలలోని ఋణములకు పూచీపడ నిరాకరించుచునే యుండెను. అప్పు పుట్టని పేట శిథిలమగుట వింత గాదు. ఆ శిథిలతయే కూల్చివేతకు హేతువుగా చూపబడినది. 1954లో సుప్రీంకోర్టు సమ్మతింపగా నైరృతి భాగమునుండి 20,000కు పైగా జనులు తరలింపబడిరి. వారిలో అత్యధికులు నల్లజాతీయులే.

1968లో గృహవిషయమున వివక్ష చట్టముచే నిషిద్ధమైనది. కాని చవుకపడిన నేలయే తరువాత ధనికుల నాకర్షించినది. 1991లో యూ వీధికి భూగర్భ రైలు వచ్చినది. క్రమముగా బాడుగలు పాతకాపులకు భారమైనవి. 1970లో జనాభాలో నూటికి 71 వంతులైన నల్లజాతీయులు 2020 నాటికి 41 వంతులైరి.

ఈ తగ్గుదల యంతయు బాడుగల వలననే యని మేము చెప్పము. మేలైన వసతి కోరి ప్రిన్స్ జార్జి మండలమునకు తరలినవారును గలరు. అయితే సొంత యిల్లు సమకూర్చుకొననీయని విధానములే, నేలకు విలువ వచ్చిననాడు అనేకులను ఆ ఫలమునకు దూరము చేసినవని మా నిశ్చయము.