లొట్టి, జమిడిక, పసుపు: ఆర్మూరు మధ్యాహ్నాలు

నిజామాబాద్ జిల్లా ఆర్మూరుకు సముద్రం లేదు. దగ్గర్లో ఉన్న ఒడ్డల్లా పోచంపాడు వద్ద గోదావరిది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఉన్నది అక్కడే. అయితే నీడ చూసుకొని కూర్చొని, పొద్దు వాలేదాకా తాగుతూ పాట వినే సుఖం కోసం తెలుగు నేల ఏనాడూ సముద్రం దాకా పోలేదు. దానికి కావలసింది ఒక చెట్టు, ఒక పాటగాడు, చేతిలో పనిలేని ఒక పూట.

ఈ ముచ్చట ఎంత పాతదో క్రీడాభిరామం అనే వీథి రూపకం చెబుతుంది. మంచనశర్మ, టిట్టిభశెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. ఆ దారిలో ఏకవీర దేవి కొలువూ, వాద్యం మోగిస్తూ పరశురాముడి కథ పాడే బవనీలూ కనిపిస్తారు. ఆ ఏకవీరే మన రేణుకా ఎల్లమ్మ. గీత కార్మికులైన గౌడులకు ఆమె ఇలవేల్పు. కాబట్టి తెలంగాణలో కల్లూ పాటా కలిసింది ఎల్లమ్మ గుడి ముందే అంటాను.

ఆ కలయికను ఎల్లమ్మ పట్నం అనే కొలుపులో చూడాలి. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారు నేల అలికి, పసుపు, కుంకుమ, ఆకుపొడితో గళ్లు గళ్లుగా ముగ్గు పోస్తారు. ఆర్మూరు చుట్టుపక్కల అందులో పోసే పసుపు చేలోంచి వచ్చినదే కావచ్చు. పాటగాడు జమిడికను చంకలో ఇరికించి, తోలు మధ్యలోంచి వచ్చే నరాన్ని ఒక చేత్తో లాగి పట్టి, రెండో చేత్తో మీటుతాడు. నరం బిగిస్తే నాదం పైకి లేస్తుంది, వదిలితే మూలుగుతుంది. మనిషి ఏడుపుకు అంత దగ్గరగా పలికే వాద్యం నేను మరొకటి వినలేదు. కథ నడుమ అమ్మకు కల్లు సాక పోస్తారు. మిగిలింది జనానికి. ముసలమ్మలూ మొహమాటం లేకుండా కల్లు లొట్టి ముందు కూర్చుంటారు.

పసుపు పంటే ఇక్కడి తీరికను కూడా నిర్ణయించింది. వానల మొదట్లో పెట్టిన దుంప తొమ్మిది నెలలకు గాని తవ్వకానికి రాదు. తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, మెరుగుపెట్టి, కాడి (కొమ్ము) వేరు, గోల (దుంప) వేరు చేసి నిజామాబాద్ యార్డుకు తోలేసరికి ఎండలు ముదురుతాయి. ఈతకల్లు చలికాలపుది, తాటికల్లు ఎండాకాలపుది. బస్తాలు అమ్ముడుపోయి ఇంటికొచ్చేనాటికి తాళ్లు పారుతుంటాయి. తాటాకు రేకలో పోసిన కల్లు, పక్కన ఉడికించిన గుడాలు, చేతిలో నాలుగు రూపాయలుంటే అంకాపూర్ నాటుకోడి కూర. అంతకు మించిన విందు రైతు కోరలేదు.

ఈ కల్లు చెట్టు మీద రాజ్యం కన్ను పడింది. గీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న రాజ్యాన్ని ఎదిరించి, 1708లో వరంగల్‌ను కొల్లగొట్టేంతవాడయ్యాడు. ఆయన తిరుగుబాటును కేవలం దోపిడీగా రాసిన చరిత్రను నేను ఒప్పుకోను. నిజాం కాలానికి అబ్కారీ, అంటే కల్లు, సారాల మీది పన్ను, ఖజానాకు పెద్ద ఆదాయమైంది. 1316 ఫస్లీలో అబ్కారీ చట్టం వచ్చింది. వేలంలో గుత్త పాడుకున్నవాడే దొర అయ్యాడు. చెట్టెక్కేవాడు అతని కూలీ.

అసలు నష్టం అక్కడే మొదలైంది. కల్లు చెట్టు దగ్గర్నుంచి డిపోకు చేరింది, గౌడు స్థానంలో ముస్తేదారు అనే గుత్తేదారు వచ్చాడు. చెట్లు తగ్గాయి, గిరాకీ తగ్గలేదు. నీళ్లలో శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, ఆల్ప్రాజోలం కలిపి సీసాల్లో పోశారు. నిజామాబాద్ జిల్లాకు ఈ చెడ్డపేరు గట్టిగానే అంటింది. 2015లో దాడులు చేసి మత్తుమందు ఆపితే, అలవాటుపడ్డ కూలీలు వణుకుతూ, మూర్ఛపోతూ ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లు తాగింది కల్లు కాదు. కల్లు పేరుతో వాళ్లకు పోసిన విషం అది. ఒళ్లు తెలియని మత్తులో కథ వినే ఓపిక ఎవరికుంటుంది? డిపోలో జమిడికకు చోటు లేదు.

కల్లు గతి ఇలా ఉండగా, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరుతో ఉమ్మడి రాష్ట్రంలో 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అది సడలింది. ఆ తరవాత బీరు సీసా ఊరూరా పాతుకుపోయింది.

2023లో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేఫ్ తెరిచారు. పులియని తాటినీరు గ్లాసులో పోసి, నీళ్లకెదురుగా కూర్చోబెట్టారు. నగరానికి అది మంచిదే. కానీ నీరా తాటిదీ ఈతదీ అయినప్పుడు, దాని మొదటి ఒడ్డు పోచంపాడు కావాలని నా కోరిక. కాలువ గట్ల మీద ఈతవనం, అది గీసే సంఘం చేతిలోనే అమ్మకం, వారానికో పూట ఎల్లమ్మ కథ. పసుపు బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడిన జిల్లా ఇది. 2025లో ఆ బోర్డు వచ్చింది. ఈతవనం అంతకంటే చిన్న కోరికే.