కంప్యూటరు చిరునామాల కౌలు

2022 ఏప్రిల్ 4వ తేదీన కర్నూలు జిల్లా చీలి, నంద్యాల కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడినది. ఆళ్లగడ్డ ఆ జిల్లాలో చేరినది. ఈ రెండు పట్టణాల మీదుగా పోయే 18వ నెంబరు జాతీయ రహదారి అంతకు ముందే 40వ నెంబరు అయినది. ఇన్ని మారినప్పటికీ నంద్యాల పిన్ కోడు 518501, ఆళ్లగడ్డ పిన్ కోడు 518543 మాత్రం మారలేదు. 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన ఈ సంఖ్యలు ఏ ఊరిలోనూ రాతిమీద చెక్కినవి కావు. తపాలాశాఖ పట్టికలో వ్రాసినవి. పట్టిక నిలకడగా ఉంటే చిరునామా నిలకడగా ఉంటుంది. కంప్యూటర్లకు చిరునామాలిచ్చేవారికి ఈ చిన్న సంగతి మొదట తట్టలేదు.

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికి ఉండవలసిన ఐ.పి. చిరునామా రూపము 1981 సెప్టెంబరులో స్థిరపడినది. ఇది 32 ద్విసంఖ్యాంకాల సంఖ్య. ఈ లెక్కన మొత్తము చిరునామాలు 429 కోట్ల 49 లక్షల పైచిలుకు. ఆ దినాలలో ఏ యంత్రపు చిరునామాను ఆ యంత్రములోనే మనిషి చేతితో నింపేవాడు. ఒకే సంఖ్యను పొరపాటున రెండింటికి ఇస్తే రెండింటి పనీ చెడేది. పైగా సొంత డిస్కు లేని యంత్రాలు కూడా వాడుకలోకి వచ్చినవి. వాటిలో చిరునామాను దాచే చోటే లేదు! వాటికి తెలిసినదెల్లా కర్మాగారములో తమకు వేసిన 48 ద్విసంఖ్యాంకాల మ్యాక్ సంఖ్య ఒక్కటే.

“నా మ్యాక్ సంఖ్య ఇది, నా చిరునామా ఏది?” అని యంత్రమే అడిగే పద్ధతిని 1984 జూన్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించారు. దాని పేరు ఆర్.ఏ.ఆర్.పి. అది చిరునామా తప్ప మరేమీ చెప్పలేనిది. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ అనువారు బూట్‌పి అనే మెరుగైన పద్ధతిని తెచ్చారు. అందులో సర్వరు వద్ద ఒక పట్టిక ఉంటుంది: ఒక ప్రక్క మ్యాక్ సంఖ్య, రెండవ ప్రక్క దానికి రావలసిన చిరునామా. నేడు ఫైర్‌వాల్‌లో “రిజర్వేషను” అని చేసేది సరిగా ఈ పనే. స్థిరమైన చిరునామా తరువాత వచ్చిన సదుపాయమని చాలామంది అనుకుంటారు గాని, వరుసలో అదే ముందు.

బూట్‌పిలో చిక్కు ఏమిటంటే, కొత్త యంత్రము వచ్చినప్పుడల్లా పట్టికలో ఒక వరుస ఎవరో ఒకరు వ్రాయాలి. చంకన పెట్టుకొని తిరిగే కంప్యూటర్లు వచ్చేసరికి ఇది సాగే పని కాకపోయింది. 1993 అక్టోబరులో బక్‌నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ డ్రామ్స్ పేర డి.హెచ్.సి.పి. వెలువడినది. ఇందులో చిరునామా సొంతము కాదు, కౌలు. కె.సి. కాలువ క్రింద సేద్యము చూచిన నంద్యాల, ఆళ్లగడ్డ విద్యార్థులకు ఈ మాటను విడమర్చి చెప్పనక్కరలేదు. గడువు సగము గడవగానే యంత్రము కౌలును పొడిగించమని సర్వరును అడుగుతుంది. అడగక గడువు దాటనిస్తే ఆ చిరునామా మరొకరికి పోవచ్చును. అయితే పాత పట్టికను డ్రామ్స్ పారవేయలేదు. ఫలానా మ్యాక్ సంఖ్య వస్తే ఫలానా చిరునామానే ఇవ్వాలనే ఏర్పాటు కొత్త పద్ధతిలోనూ ఉన్నది. అంటే ఎప్పుడూ ఒకే కౌలుదారుకు అట్టిపెట్టిన చేను అన్నమాట.

దీని అవసరము ఎక్కడ? ఆళ్లగడ్డలో ఒక ఉన్నత పాఠశాల ఉన్నదనుకొందాము. మార్కులు నమోదు చేసే కంప్యూటరును మాత్రమే మార్కుల సర్వరు దగ్గరకు పోనివ్వాలని ఫైర్‌వాల్‌లో ఒక నియమము వ్రాశారు. సాధారణముగా ఫైర్‌వాల్ యంత్రాన్ని గుర్తించేది ఐ.పి. చిరునామాతోనే. వేసవి సెలవులలో కౌలు తీరిపోయి, ఆ చిరునామా ఒక విద్యార్థి ల్యాప్‌టాప్‌కు వచ్చినదంటే, నియమములో అక్షరము మారకుండానే అనుమతి చేతులు మారినది! చిన్న కార్యాలయాలలో కౌలు ఇచ్చేదీ, వాకిట కాపలా కాసేదీ తరచుగా ఒకే పెట్టె. కనుక ఆ పెట్టెలోనే మార్కుల కంప్యూటరు మ్యాక్ సంఖ్యకు ఎదురుగా 192.168.1.20 వంటి చిరునామా వ్రాసి పెట్టాలి. కంప్యూటరును ముట్టుకోనక్కరలేదు. కొన్ని ఫైర్‌వాళ్లలో ఈ చిరునామా కౌలుకిచ్చే వరుసకు వెలుపల ఉండాలి. ఆ నియమము ముందే చూచుకోవడము మేలు.

నంద్యాలలోని మరొక పాఠశాలలోనూ ఇదే 192.168.1.20 ఉండవచ్చును. ఇటువంటి సంఖ్యలను లోపలి వాడుకకని 1996 ఫిబ్రవరి నాటి పత్రములో ప్రత్యేకించారు. “పాత బస్టాండు” అంటే ఏ ఊరివారికి ఆ ఊరిదే గదా!

రిజర్వేషను తాళము వంటిది మాత్రం కాదు. మ్యాక్ సంఖ్యను సాఫ్టువేరుతో మార్చి చెప్పవచ్చును. ఇప్పుడు ఫోనులే ఆ పని చేస్తున్నవి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐ.ఓ.ఎస్. 14 మొదలు, యజమాని జాడ ఇతరులు పట్టకుండా ఫోను ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క కల్పిత సంఖ్య చెప్పుచున్నది. అందుచేత పట్టికలో ఫోనును చేర్చేవారు పెట్టెమీద అచ్చువేసిన సంఖ్యను గాక, ఆ వైఫైలో అది నిజముగా చెప్పే సంఖ్యను చూచి వ్రాయాలి. లేదా ఆ ఒక్క వైఫైకి కల్పిత సంఖ్యను ఆపివేయాలి.