బీదరు మదరసా చూసి వచ్చాము

పిల్లాపాపలతో కలిసి ఏదైనా చరిత్ర గల ఊరికి పోయి వద్దామని కిందటి సర్వసభ్య సమావేశంలో అనుకున్న సంగతి సభ్యులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. గోలకొండ అందరూ చూసిందే కదా అని బీదరు ఎంచుకున్నాము. రాలేకపోయిన వారి కోసం అక్కడ చూసినదీ, తెలుసుకున్నదీ నాలుగు మాటల్లో ఇక్కడ రాస్తున్నాము.

ఒక ఆదివారం ఫజర్ నమాజు కాగానే సంగారెడ్డిలో బస్సు కదిలింది. బగారన్నం, దాల్చా గిన్నెలు వెనక సీట్ల కింద సర్దుకున్నాము. సదాశివపేట, జహీరాబాదు దాటి కుడివైపు మళ్ళాక దారంతా ఎర్రటి నేల. 1956 వరకు బీదరు కూడా మన హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లాయే. రాష్ట్రాలు భాషల ప్రకారం ఏర్పడినప్పుడు అటు పోయింది. మాలో కొందరికి అక్కడ ఇప్పటికీ చుట్టరికాలున్నాయి. అందుకే పరాయి ఊరికి పోతున్నట్టు అనిపించలేదు.

1347లో గుల్బర్గా రాజధానిగా మొదలైన బహమనీ రాజ్యాన్ని 1422 నుంచి 1436 దాకా ఏలినవాడు అహ్మద్ షా. ఆయనే రాజధానిని బీదరుకు మార్చాడు. కోట చూడటానికే పొద్దంతా చాలదు. ఎర్రరాతిని తొలిచి కొంత మేర మూడు వరసలుగా తవ్విన కందకం, రంగీన్ మహల్ గోడల్లో నల్లరాతిలో పొదిగిన ముత్యపుచిప్పలు, పదహారు స్తంభాల మసీదు చూశాము. ఊరికి నీళ్ళు తెచ్చేందుకు ఇరాను పద్ధతిలో భూమి లోపల తవ్విన కాలువల గురించి కూడా అక్కడే విన్నాము. వాటిని కరేజు అంటారు.

భోజనాలూ, జొహర్ నమాజూ అయ్యాక మదరసాకు పోయాము. మేము చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడిదే.

దీన్ని 1472లో కట్టించినవాడు మహమూద్ గవాన్. ఈయన పుట్టింది ఇరానులోని గీలాన్ ప్రాంతంలో. నలభై దాటిన వయసులో వర్తకుడిగా దక్కనుకు వచ్చి, తన తెలివితో వజీరు పదవికి ఎక్కాడు. భూములు కొలిపించి శిస్తు కట్టించాడు. నాలుగు తరఫులుగా ఉన్న రాజ్యాన్ని ఎనిమిది చేశాడు. ఒక్కొక్క తరఫుదారు చేతిలో ఒక్క కోటే ఉంచి మిగతావి సుల్తాను కిందికి తెచ్చాడు. దాంతో పెద్ద పెద్ద అమీర్లకు కంటగింపయ్యాడు.

మదరసా మూడంతస్తుల కట్టడం. తూర్పు పడమరలు 205 అడుగులు, ఉత్తర దక్షిణాలు 180 అడుగులు. చదువుకునే పిల్లలకు 36 గదులు, పాఠాలు చెప్పేవారికి వేరే వసతి, ఒక మసీదు, ఒక గ్రంథాలయం. ఆ గ్రంథాలయంలో మూడువేల పుస్తకాలు ఉండేవని చరిత్ర చెబుతుంది. అచ్చుయంత్రం మన దేశానికి రాని కాలమది, అంటే ప్రతి పుస్తకమూ చేత్తో రాసిందే. ముందు గోడ మీద నీలం, పసుపు, తెలుపు రంగుల పలకలు కొన్ని ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. మా వెంట వచ్చిన ఒక నానీ, "సగం ఇల్లే ఉందేమిటి బేటా?" అని అడిగింది. నిజమే. రెండు మీనార్లలో ఒకటే మిగిలింది. ముందు భాగం సగం, దక్షిణం వైపు చాలా మేర కూలిపోయింది.

ఎవరో శత్రువులు వచ్చి కూల్చారని పిల్లలు అనుకున్నారు. కాదు. బీదరు మొగలుల చేతికి వచ్చాక ఈ చదువుల ఇంట్లో గుర్రపు దండును పెట్టారు. కొన్ని గదుల్లో తుపాకిమందు నిలవ చేశారు. 1696లో పిడుగు పడి ఆ మందు అంటుకుని పేలిపోయింది. పిడుగు దేవుడి ఆజ్ఞ అనుకుందాం. కానీ పుస్తకాలు ఉండవలసిన చోట మందు పెట్టింది మనుషులే, అందులోనూ మనవాళ్ళే.

కట్టించినవాడి గతి కూడా ఇలాంటిదే. దర్బారులో దక్కనీలు ఒక పక్షం, సముద్రం దాటి వచ్చిన ఆఫాకీలు ఒక పక్షం. రెండు పక్షాలకూ సమంగా పదవులు పంచి చూశాడు గవాన్. పగ చల్లారలేదు. ఆయన ముద్ర దాచే మనిషిని మచ్చిక చేసుకుని, తాగించి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారని ఫరిష్తా తన చరిత్రలో రాశాడు. ఒరిస్సా గజపతిని దండెత్తి రమ్మన్నట్టుగా దాని మీద ఉత్తరం రాసి, మూడవ మహమ్మద్ షాకు చూపించారు. ముద్ర నాదే గాని రాత నాది కాదని గవాన్ చెప్పుకున్నాడు. సుల్తాను వినలేదు. 1481 ఏప్రిల్ 5న, డెబ్బై దాటిన ఆ ముసలివాణ్ణి చంపించాడు. ఇది జరిగింది బీదరులో కాదు, సుల్తాను విడిది చేసిన మన తెలుగునేల కొండపల్లిలో. బొమ్మల కొండపల్లి అంటే అందరికీ తెలుసు, ఈ సంగతి మాత్రం మాలో ఎక్కువమందికి తెలియదు.

తరవాత ఆయన ఖజానా వెతికిస్తే సొంతానికి దొరికింది స్వల్పమేనట. మట్టి పాత్రల్లో తిని, చాప మీద పడుకునేవాడట. మరుసటి ఏడు సుల్తానూ పోయాడు. ఆ తరవాతి కొన్ని దశాబ్దాల్లో రాజ్యం బీజాపూరు, అహ్మద్‌నగరు, బీరారు, గోలకొండ, బీదరుగా అయిదు ముక్కలైంది.

అసర్ వేళకు అష్టూరు పోయి బహమనీ సుల్తానుల సమాధులు చూశాము. అహ్మద్ షా వలీ గుమ్మటం లోపల బంగారు రంగు చిత్రాలు, అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఆయన ఉర్సుకు హిందువుల జంగమయ్య ఊరేగింపుగా వస్తాడు. లింగాయతు భక్తులు ఆయనను అల్లమప్రభు అంశగా కొలుస్తారు. ఒకే సమాధి దగ్గర ఒకరు ఫాతెహా చదివితే మరొకరు కొబ్బరికాయ తెస్తారు. ఇది చూసి మా పెద్దలకు కళ్ళు చెమర్చాయి.

తిరుగు ప్రయాణంలో పాటలు, అంత్యాక్షరి ఏమీ జరగలేదు. జహీరాబాదు దాటాక ఒక పదో తరగతి అమ్మాయి లేచి, "మన సంఘం ఆఫీసులో చదువుకునే గది ఉంది కదా, దాంట్లో ఇప్పుడేమున్నాయి?" అని అడిగింది. బస్సులో ఎవరూ పలకలేదు. ఆ గదిలో షామియానా గుడ్డలు, గుంజలు, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే దేగ్‌లు ఉన్నాయి. వాటి అద్దెతో పేదింటి పెళ్ళిళ్ళకు సాయం చేస్తున్న మాట నిజమే. అది మంచి పనే. కానీ పుస్తకాల బీరువా ఆ గుంజల వెనక పడి, తలుపు తెరవడానికి కూడా వీలు లేకుండా ఉంది. పరీక్షల వేళ ఇంట్లో జాగా లేని పిల్లలు బయట మెట్ల మీద కూచుని చదువుకుంటున్నారు.

గవాన్ కట్టించిన మదరసాను పాడు చేసిన వాళ్ళను తప్పుపట్టడం సులభం. మనం పెట్టింది తుపాకిమందు కాదు, నిజమే. అయినా చదువు ఉండవలసిన జాగాను మరొకదానికి ఇచ్చేశామా, లేదా?

ఆ వచ్చే శుక్రవారమే కొందరు యువకులు సామాను బయటికి చేర్చి గది కడిగారు. సామాను పెట్టుకోవడానికి వెనక రేకుల షెడ్డు వేయవలసి ఉంది. దాని ఖర్చు సంగతి ఈసారి సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది. సభ్యులందరూ దయచేసి వచ్చి, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నను మనసులో పెట్టుకుని మాట్లాడవలసిందిగా కోరుతున్నాము.