బడిలో రెండు భాషలు: గిడుగువారి మార్గము

పిల్లలకు ఏ భాషలో పాఠము చెప్పవలెనను ప్రశ్న మన దేశమున నేడు పుట్టినది కాదు. 1854 నాటి వుడ్ విద్యాపత్రము ఉన్నత విద్యకు ఇంగ్లీషును, సామాన్య జనుల చదువునకు దేశభాషలను నిర్దేశించెను. ఉపాధ్యాయులలో ఈ విషయమై రెండు పక్షములు కలవు. పరభాషను పసితనముననే అలవరచవలెనని ఒక పక్షము. ఇంటి భాషలో తెలివి నాటుకొనిన పిదపనే రెండవ భాష చక్కగా పట్టుబడునని వేరొక పక్షము. ఈ రెండవ మార్గమును ఆచరించి చూపిన తెలుగు ఉపాధ్యాయులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వారు 1863లో శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరిరి. ఆ ప్రాంతపు కొండలలో సవరలు నివసింతురు. వారి భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతో దానికి చుట్టరికము లేదు. ఇంగ్లీషు తరగతిలో తెలుగు బాలుడు పడు ఇక్కట్టే తెలుగు బడిలో సవర బాలునికిని తప్పదు. ఇంగ్లీషు పెత్తనమునకు నొచ్చుకొను మనము, కొండపల్లెలలో మన తెలుగే ఆ పెత్తనము చేయునని తలచుట అరుదు. పంతులుగారు తలచిరి. తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చిరి. వాచకములు, కథలు, పాటలు, తెలుగు-సవర, సవర-తెలుగు నిఘంటువులు కూర్చిరి. సొంత వ్యయముతో బడులు నడపిరి. 1911లో మదరాసు ప్రభుత్వము పారితోషికమీయబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి.

అట్లని వారు తెలుగును త్రోసివేయలేదు. ఇంటి భాష మొదటి మెట్టు, ఇరుగు భాష రెండవ మెట్టు. మొదటిది లేక రెండవదానిపై కాలు నిలువదు. తెలుగు పిల్లలకై వారు సాగించిన వాడుకభాషోద్యమమునకును మూలమిదియే.

1940లో పంతులుగారు కీర్తిశేషులైరి. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవరతో కూడ ఎనిమిది భాషలలో, ఎంపిక చేసిన ప్రాథమిక పాఠశాలలందు, మాతృభాషాధార బోధనమును ప్రారంభించెను. 2020లో ఆ రాష్ట్రముననే ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకములు వెలువడెను. పుస్తకమున రెండు భాషలను ముద్రించుట సులభము; రెండింటిని ఎరిగి, ఒకదానినుండి రెండవదానికి బాలుని చేయిపట్టి నడిపించు గురువు లభించుట కష్టము. పిల్లవానికి తన భాష నేర్పబూనుటకు ముందు పిల్లవాని భాషను తాను నేర్చుట గిడుగువారు చూపిన మార్గము. ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించువారికి అది ఈనాటికిని మొదటి పాఠము.