చావుల లెక్కలో ఊరి ఆరోగ్యం

ప్లేగు భయంతో లండన్‌లో వారంవారం మరణాల పట్టికలు అచ్చువేసేవారు. జనం చదివి పక్కన పడేసేవారు. జాన్ గ్రాంట్ అనే వ్యాపారి దశాబ్దాల పట్టికలు పోగుచేసి, 1662లో పుస్తకం తెచ్చాడు. పుట్టిన వందమందిలో 36 మంది ఆరేళ్లు నిండకుండానే పోతున్నారని అంచనా కట్టాడు. ఆయన వైద్యుడు కాడు. అయినా జనంలో రోగాల వ్యాప్తిని అధ్యయనం చేసే ఎపిడెమియాలజీకి పునాది ఆ పుస్తకంలోనే ఉంది.

చావులు లెక్కపెడితే సరిపోదు. పదిమంది పోయారంటే వందలో పదా, లక్షలో పదా? ఇంగ్లండ్ జనన మరణాల నమోదు కార్యాలయంలో 1839 నుంచి పనిచేసిన విలియం ఫార్, మరణాలను జనాభా లెక్కలతో కలిపి వయసు, వృత్తి, ప్రాంతాల వారీగా రేటు కట్టాడు.

1854 లండన్ కలరా అనగానే, వ్యాధిని ఒక వీధి పంపు నీళ్లతో ముడిపెట్టిన బ్రాడ్ స్ట్రీట్ కథే చెబుతారు. నా దృష్టిలో ఆ ముడిని పట్టుకున్న వైద్యుడు జాన్ స్నో అసలు ఘనత దక్షిణ లండన్‌లో ఉంది. అక్కడ ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు రెండు కంపెనీలు నీళ్లిచ్చేవి. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మురుగు కలిసిన థేమ్స్ నీటిని తోడేది. లాంబెత్ కంపెనీ 1852లోనే నది ఎగువకు మారింది. పీల్చే గాలి ఒకటే, తాగే నీళ్లే వేరు. చావు జరిగిన ఇళ్లకు తిరిగి, అక్కడికి వచ్చేది ఎవరి నీళ్లో స్నో ఆరా తీశాడు. తొలి ఏడు వారాల్లో పదివేల ఇళ్లకు సదర్క్ కంపెనీ వైపు 315 చావులు, లాంబెత్ వైపు 37. కలరా క్రిమిని జర్మన్ శాస్త్రవేత్త కాక్ నిర్ధారించడానికి మూడు దశాబ్దాల ముందు మాట ఇది. కలరాకు చెడుగాలే మూలమని నమ్మిన ఫార్ కూడా 1866లో తూర్పు లండన్ లెక్కలు చూశాక నీటినే తప్పుపట్టాడు. ఆ నిజాయితీకి చేతులెత్తి మొక్కాలి.

తర్వాతి శతాబ్దంలో దృష్టి గుండెజబ్బులు, క్యాన్సర్ల వైపు మళ్లింది. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ వాసులను, 1951లో బ్రిటిష్ వైద్యులను ఏళ్ల తరబడి గమనించే అధ్యయనాలు మొదలయ్యాయి. రక్తపోటు, సిగరెట్లు చేసే హాని వాటివల్ల మరింత స్పష్టపడింది.

మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అయినా చాలా చావులకు కారణం రాసేవారే లేరు. అందుకే నమూనా గ్రామాల్లో, వార్డుల్లో సిబ్బంది ఇళ్లకు వెళ్లి, చనిపోయినవారి లక్షణాలు అడిగి రాసుకుంటారు. వైద్యులు వాటిని చదివి కారణం నిర్ణయిస్తారు. మన ఊళ్లో ఏ జబ్బు ఎందరిని తీసుకుపోతోందో తెలియకపోతే ఆసుపత్రి ఎక్కడ కట్టాలో, ఏ నీటిని శుద్ధి చేయాలో ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఎవరైనా పోతే 21 రోజుల్లోగా నమోదు చేయించండి. వైద్యం చేసిన డాక్టరు నుంచి మరణ కారణ పత్రం అడిగి తీసుకోండి.